అన్నీ ముఖ్యమే

వెబ్ పేజీ రంగులు, కొలతల రూళ్లు రాసుకునే ఫైలు, అదే స్టైల్‌షీట్, నమ్మకంగా ఉండాలంటే ఎవరూ దాని జోలికి రాకూడదు. ముట్టుకుంటే కదా చెడేది! ఆ స్థితికి తేవడానికి అందరికీ అందుబాటులో ఉన్న ఆయుధం ఇంపార్టెంట్ (!important) అనే మాట, ఏ రూలుకి తగిలిస్తే అది మామూలు రూళ్లన్నిటినీ తోసేస్తుంది.

హోకొన్ వియుమ్ లీ 1994లో ఈ స్టైల్‌షీట్లు రాసే భాష సీఎస్ఎస్‌ని ప్రతిపాదించినప్పుడు పేజీ రాసేవాడి మాటతో పాటు చదివేవాడి మాట కూడా చెల్లాలనుకున్నాడు పాపం. చూపు ఆననివాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకోవాలి కదా అని, 1998లో వచ్చిన రెండో వెర్షన్‌లో చదివేవాడి ఇంపార్టెంట్‌కే పైచేయి ఇచ్చారు. మనం ఆ సదుపాయాన్ని బటన్‌కి నీలం రంగు వేయడానికి వాడుకుంటున్నాం.

రంగు పడట్లేదా? ఏ సెలెక్టర్ (రూలు పేజీలో ఏ భాగానికో చెప్పే ముక్క) అడ్డుపడుతోందో వెతక్కండి, ఇంపార్టెంట్ తగిలించండి. ఇంకో పేజీలో అదే బటన్ ఎర్రగా కావాలంటే అక్కడా తగిలించండి. రెండూ తన్నుకుంటే ఐడీని (పేజీలో ఒక్కదానికే పెట్టే పేరు) దింపండి. ఎన్ని క్లాసులు (చాలా భాగాలు పంచుకునే పేర్లు) కలిసొచ్చినా ఒక్క ఐడీని ఓడించలేవు. 2022లో ప్రధాన బ్రౌజర్లన్నిటికీ లేయర్లు (రూళ్ల గుంపులు) వచ్చాయి, ఎవరు నెగ్గాలో ముందే వరస పెట్టేయొచ్చట. గొడవే లేకపోతే మనల్నెవరు పిలుస్తారు?

వెడల్పు 100 శాతం ఇచ్చి, రెండు పక్కలా 20 పిక్సెళ్ల ప్యాడింగ్ (లోపలి ఖాళీ) పెడితే పెట్టె 40 పిక్సెళ్లు బయటికి పొడుచుకొస్తుంది. బోర్డర్-బాక్స్ అని ఒక్క లైను రాస్తే సర్దుకుంటుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే ఇంకా సుఖం, అసలు కనపడదు. ఆ దాచిన ముక్కలో సబ్మిట్ బటన్ ఉంటే అది వాడేవాళ్ల ఖర్మ.

స్పెల్లింగ్ గురించి టెన్షన్ వద్దు. ప్రాపర్టీ పేరు తప్పు రాస్తే బ్రౌజర్ కిమ్మనకుండా ఆ లైను వదిలేసి ముందుకెళ్తుంది. సెమీకోలన్ మర్చిపోతే పక్క లైనునీ కలిపి వదిలేస్తుంది. ఇంత మర్యాదస్తుడు ఆఫీసులో ఇంకొకడు లేడు.

ఇక జెడ్-ఇండెక్స్, ఏది దేని మీద కనిపించాలో చెప్పే అంకె. పాపప్ కిందికి పోతే 999, అప్పటికీ రాకపోతే 9999. దాని తల్లి ఎలిమెంటుకి ఎవరో ఒపాసిటీ (ఎంత చిక్కగా కనిపించాలో) 0.99 పెట్టి ఉంటే లోపలివన్నీ ఆ గడపలోనే బందీలు, ఎన్ని తొమ్మిదులు చేర్చినా బయటివాటి మీదికి ఎక్కలేవు. తెలిసినవాళ్లు ఆ తల్లిని పట్టుకుంటారు. మనం ఇంకో తొమ్మిది చేరుస్తాం. బ్రౌజర్లలో మామూలుగా 2147483647 దగ్గర ఈ మెట్లు ఆగిపోతాయి. పక్క టీమ్ కూడా అక్కడికే వచ్చి కూర్చుంటే, హెచ్‌టీఎంఎల్‌లో తర్వాత వచ్చేది పైన కనిపిస్తుంది. కాబట్టి మన పాపప్‌ని ఫైలు చిట్టచివర పెట్టి, ఆ సంగతి వాళ్లకి చెప్పకండి.