డౌలా వచ్చి పురుడు పోస్తుందని ఎవరు చెప్పారండీ?

నిన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, అక్కా డౌలాని మాట్లాడుకున్నాం, ఇంట్లోనే డెలివరీ చేసేస్తుంది, ఇంక హాస్పిటల్ తిప్పలుండవు అంది. గుండె ఝల్లుమంది నాకు. గంట సేపు చెప్పా, అయినా మనసాగక ఇక్కడ కూడా రాస్తున్నా.

డౌలా అంటే కాన్పప్పుడు డబ్బు తీసుకుని తోడుండే మనిషి, పురుడు పొయ్యదు. బీపీ చూడదు, బిడ్డ గుండె చప్పుడు చూడదు, ఇంజెక్షన్ వెయ్యదు. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి పక్కనుండి నడుం రుద్దడం, నొప్పి తగ్గేలా పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టడం, గుక్కెడు నీళ్లు పట్టడం, ఇంకొంచెమే తల్లీ అంటూ చెయ్యి వదలకుండా ఉండటం, అదీ ఆమె పని. మిడ్‌వైఫ్ వేరు. తెలంగాణలో 2017లో మొదలైన కోర్సే చూడండి, నర్సింగ్ చదివినవాళ్లకి దాని మీద మళ్లీ 18 నెలల ట్రైనింగ్. నార్మల్ డెలివరీ చేసేది, మాయ పడ్డాక రక్తం ఆగుతుందో లేదో చూసేది, కుట్లు వేసేది, ఏదో తేడాగా ఉందని ముందే పసిగట్టి డాక్టర్‌ని పిలిచేది ఆమె. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు కదా, ఆ పట్టే బాధ్యత మిడ్‌వైఫ్‌ది. డౌలా దానికి ఒప్పుకోనే లేదు. కాన్పయ్యాక రక్తం ఆగకుండా పోతుంటే నడుం రుద్దే చెయ్యి ఏం చేస్తుంది చెప్పండి?

అలాగని డౌలా డబ్బు దండగ అనేవాళ్లతో కూడా నాకు గొడవే. నా కాన్పప్పుడు మా అమ్మని లేబర్ రూమ్ బయటే ఆపేశారు, రాత్రంతా ఒక్కదాన్నే పడున్నా, నొప్పికి అరిస్తే ఎందుకలా అరుస్తావ్ అని కసిరారు, ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను. పక్కన ఒక మనిషి కాన్పయ్యేదాకా ఉంటే సిజేరియన్లు తగ్గుతాయని 26 ట్రయల్స్, 15 వేల మందికి పైగా ఆడవాళ్ల లెక్కలు కలిపి 2017లో కోక్రేన్ రివ్యూ (వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చే నివేదిక) చెప్పింది. మన తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే! గవర్నమెంట్ ఆస్పత్రుల్లో తోడుకి ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది, అమ్మ అయినా పర్లేదు అక్క అయినా పర్లేదు, ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

మా చెల్లికి ఒకటే చెప్పా, డౌలాని మానొద్దు, హాస్పిటల్‌నీ మానొద్దు, అక్కడ మిడ్‌వైఫ్ ఉందా, డౌలాని లోపలికి రానిస్తారా అని ముందే అడుగు అని. తొమ్మిదో నెల నడుస్తోంది దానికి. రేపు పొద్దున్నే వెళ్లి అడుగుతానంది, నేనూ వెళ్తున్నా.