తాతగారు తాగిన నెయ్యి

ఏ భోజనాల్లోనైనా "నాకు నెయ్యి వద్దండీ, డాక్టరు తగ్గించమన్నాడు" అని పొరపాటున అని చూడండి. పంక్తిలోంచి ఒక తాత లేస్తాడు. పోయి 30 ఏళ్లయినా సరే, లేస్తాడు. "మా తాత రోజూ గిద్దెడు నెయ్యి తాగేవాడండీ. 92 ఏళ్లు బతికాడు. ఒక్క మాత్ర మింగి ఎరగడు!" అంతే, వాదన ముగిసింది.

పాపం అమెరికావాళ్లు. ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో మొదలుపెట్టి 5,209 మంది బీపీలు, కొలెస్ట్రాళ్లు, సిగరెట్లు రాసుకుంటూ కూర్చున్నారు. వాళ్ల పిల్లల్నీ వదల్లేదు, మనవల్నీ వదల్లేదు. ఇంతా చేసి తేల్చింది, ఈ మూడూ గుండెకు చేటని. మా బాబాయి ఒక్క తాతతో పని కానిచ్చేశాడు.

ఆ మధ్య ఒక గృహప్రవేశంలో ఆయన పక్కన కూర్చునే భాగ్యం కలిగింది. ముద్దపప్పు, ఆవకాయ పడగానే నెయ్యి కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఒక గరిటె. "పొయ్యరా, మీ ఇంట్లోదా?" రెండో గరిటె. అన్నంలో గుంట చేసి మూడోది. ఈలోగా నాకు తాత చరిత్ర. తెల్లవారుజామున 4 గంటలకే లేచేవాడట. అరక తోలుకుని పొలానికి నడిచేవాడట. ఎండ నెత్తికెక్కేదాకా దున్నేవాడట. "మరి అంత పని చేశాడు కాబట్టే అరిగింది కదా బాబాయ్" అన్నాను. "అదేరా నేనూ చెప్పేది, నెయ్యిలో ఉన్న బలం!" అన్నాడు. నెయ్యిలో సగానికి పైగా కొలెస్ట్రాల్ పెంచే సంతృప్త కొవ్వేనని చెప్పబోయాను. అప్పడం విరిచిన చప్పుడులో నా మాట వినబడలేదు.

బాబాయి కూడా వాకింగ్‌కి వెళతాడండోయ్. పార్కు దాకా కారులో. అక్కడ బెంచీ మీద కూర్చుని, ఫోనులో వచ్చిన ఆరోగ్య సూత్రాలు పదిమందికీ పంపించి, వస్తూ వస్తూ పూరీ తిని వస్తాడు. తాత ఆస్తిలో నెయ్యి ఈయన వాటాకొచ్చింది. అరక ఎవరి వాటాకొచ్చిందో తెలీదు.

ఉప్పు సంగతి ఎత్తకపోవడమే మర్యాద. రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది డబ్ల్యూహెచ్‌ఓ. ఊరమిరపకాయలు వచ్చేసరికి ఆ లెక్క నేనే ఆపేశాను.

"తాత తమ్ముడు కూడా ఉండేవాడు కదా?" అని అడిగాను. "ఆయనా? 48కే పోయాడు. భోంచేసి అరుగు మీద నడుం వాల్చాడు, మళ్లీ లేవలేదు. పుణ్యాత్ముడు, అనాయాస మరణం." అదే ఇల్లు, అదే నెయ్యి. కానీ గుండెపోటుకు మన ఇళ్లలో పేరు అనాయాస మరణం కాబట్టి తమ్ముడు లెక్కలోకి రాడు. అన్నగారొక్కడే సాక్ష్యం.

నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ మా వీధి చివర టైలరు ఉండేవాడు. గుండె రక్తనాళంలో స్టెంటు వేసి, కొలెస్ట్రాల్ మాత్ర మానొద్దని మరీ మరీ చెప్పి పంపారు. బాబాయి చొక్కాలు అక్కడే కుట్టించుకుంటాడు. కుట్టించుకున్నప్పుడల్లా నడుం కొలత ఒక అంగుళం పెరుగుతుంది. ఆ టేపు పట్టుకున్న మనిషికి ప్రతిసారీ ఒకటే పాట: "ఆ మాత్రలు లివరు తినేస్తాయయ్యా. మా తాత వేసుకున్నాడా?" మానేశాడు. పోయిన నెల పోయాడు. 51 ఏళ్లు. చిన్నది ఇంటర్ చదువుతోంది.

ఎవడు చెప్పమన్నాడు మిమ్మల్ని? మీ తాత అతనికేమవుతాడు? 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే, మిగతావాళ్ల కంటే సుమారు ఆరేళ్లు ముందే వస్తోందని తేలింది. ముందే తొందరగా పోతున్నవాళ్ల చేతిలోంచి మాత్ర కూడా లాక్కుంటారా? మీకు నెయ్యి కావాలంటే తాగండి, బిందెలతో తాగండి, ఎవడొద్దన్నాడు? పక్కవాడి మందుల డబ్బా జోలికెందుకయ్యా!

పదకొండో రోజు భోజనాలకు బాబాయి వచ్చాడు. "ఏం చేస్తాం, ఈ కాలపు టెన్షన్లు అలాంటివి" అని నిట్టూర్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అటుగా వెళుతున్న నెయ్యి కుర్రాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.