పదిహేడేళ్ల గడువు

వెసూవియస్ బద్దలై రోమన్ పట్టణం పాంపేయిని ఊహించని రీతిలో కబళించిందన్న కథనం జనంలో స్థిరపడిపోయింది. జరిగినదాన్ని నిదానంగా పరిశీలిస్తే అది నిలవదు. క్రీ.శ. 79లో ఆ పర్వతం పేలడానికి పదిహేడేళ్ల ముందే, 62లో, దక్షిణ ఇటలీలోని కాంపానియాను పెనుభూకంపం కుదిపేసి పాంపేయిలోని ఆలయాలను, ఇళ్లను, నీటి సరఫరాను దెబ్బతీసింది. ఇక అక్కడ అడుగుపెట్టబోమంటూ ఊరు విడిచిపోయినవారూ ఉన్నారు. అలాంటివారి మాటలు వినవద్దని, భూమ్మీద ఏ చోటుకూ భద్రత లేదని తత్త్వవేత్త సెనెకా హితవు పలికాడు. ఆ హితవు ఫలితాన్ని చూడటానికి ఆయన బతికి లేడు.

కొండ సంగతి ఎవరికీ తెలియదనడానికీ వీల్లేదు. శిఖరం మీది కాలిన రాళ్లను బట్టి అక్కడ ఒకప్పుడు నిప్పులు చెరిగి ఉంటాయని భౌగోళికవేత్త స్ట్రాబో కొన్ని దశాబ్దాల ముందే ఊహించాడు. కానీ ఆ వాలుల్లో ద్రాక్ష విరగకాసేది. అంత రాబడినిచ్చే నేలను ఎవరు శంకిస్తారు? ఊరు మరమ్మతుల్లో పడింది. నీటి గొట్టాల కోసం వీధుల్లో తవ్విన కందకాలు పూడ్చకుండానే అగ్నిపర్వత శిథిలాల కింద దొరికాయి. పనులు సాగుతున్న ఒక ఇంటి గోడపై 2018లో బయటపడిన బొగ్గు రాత అక్టోబరు 17 తేదీని సూచిస్తోంది. విస్ఫోటం జరిగింది చాలాకాలంగా చెబుతూ వచ్చిన ఆగస్టు 24న కాదు, అక్టోబరులోనని పలువురు పండితులు భావించడానికి అదొక ఆధారం.

ఆ రోజు మధ్యాహ్నం దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు లేచిన బూడిద స్తంభం నుంచి పాంపేయిపై గంటల తరబడి గుల్లరాళ్లు కురిశాయి, పైకప్పులు కూలాయి. అయినా పారిపోవడానికి వ్యవధి ఉంది. తవ్వినంత మేర దొరికిన మృతుల ఆనవాళ్లు సుమారు 1,100. ఊరి జనాభాతో పోలిస్తే ఇది చిన్న భాగమే కాబట్టి, చాలామంది ముందే కదిలారనుకోవాలి. మర్నాడు ఉదయం మిగిలినవారి ప్రాణాలు తీసింది లావా కాదు, నేలబారున దూసుకొచ్చిన వేడి వాయువులు, బూడిదల ప్రవాహం. పర్వతం చెంతనే ఉన్న మరో పట్టణం హెర్క్యులేనియంకు ఆ గండం రాత్రే ముంచుకొచ్చింది. సముద్రపొడ్డున పడవలుంచే కమానుల కింద, రాని పడవల కోసం ఎదురుచూస్తూ దాదాపు 300 మంది చనిపోయారు. వారి ఎముకల మధ్య నగలూ నాణేలే కాదు, తాళంచెవులూ దొరికాయి. తిరిగి వస్తామనే అనుకున్నారు పాపం.

నౌకాదళాధిపతి పెద్ద ప్లినీ యుద్ధనౌకలతో ఆదుకోవడానికి బయల్దేరాడు. ఆ సాహసాన్ని తక్కువ చేయలేం. అయితే దగ్గరి తీర పట్టణం స్టాబియే చేరాక, కొండ మీది మంటలు రైతులు వదిలిపోయినవేనని ఇతరులకు ధైర్యం చెప్పి, స్నానం, భోజనం ముగించుకుని ఆయన నిద్రపోయాడని మేనల్లుడే లేఖలో రాశాడు. మర్నాడు ఒడ్డునే కన్నుమూశాడు. ప్రాణభయంలో ఉన్నవారికి పెద్దలు ఇచ్చే ఉత్తుత్తి భరోసా ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకుమించిన సాక్ష్యం అక్కర్లేదు. తర్వాత టైటస్ చక్రవర్తి వారసులు లేని మృతుల ఆస్తులను పునర్నిర్మాణానికి కేటాయించాడు. పాంపేయి మాత్రం మళ్లీ పూర్వపు పట్టణం కాలేదు.

వెసూవియస్ చివరిసారి 1944లో పేలింది. ఇప్పుడు దాని చుట్టూ అత్యంత ప్రమాదకరమని గుర్తించిన ‘ఎరుపు మండలం’లో 25 పురపాలికలు, సుమారు ఏడు లక్షల మంది ఉన్నారు. 72 గంటల్లో వారందరినీ తరలించాలన్నది ప్రభుత్వ ప్రణాళిక. పర్వతం మూడు రోజుల ముందు కబురు పెడుతుందన్న నమ్మకమే దీనికి పునాది. స్వచ్ఛందంగా తరలిపోయే కుటుంబానికి 30 వేల యూరోలిస్తామని 2003లో ప్రాంతీయ ప్రభుత్వం ప్రకటిస్తే స్పందన అంతంతమాత్రమే. అదే ఏడాది రోమ్‌లోని ప్రభుత్వం, 1985, 1994లలో చేసినట్లే, దేశంలోని అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు చట్టం తెచ్చింది. ఒక చేత్తో వెళ్లమని డబ్బిస్తూ, మరో చేత్తో ఉండమని పట్టా ఇచ్చే పాలనను ఎవరు నమ్ముతారు? ఎరుపు మండలంలో ఏ కట్టడానికీ ఇకపై క్రమబద్ధీకరణ వర్తించదని ఇటలీ పార్లమెంటు శాశ్వతంగా శాసించాలి. తరలింపు కసరత్తులను ఏటా ఊరూరా నిర్వహించి, ఆ ఫలితాలను దాపరికం లేకుండా ప్రకటించాలి.