చర్మానికి సంజాయిషీ నోటీసు

మనిషి చర్మం మీద క్రమశిక్షణ చర్య తీసుకోవలసిన సమయం వచ్చిందని ఎంతో బాధతో ప్రతిపాదిస్తున్నాను. పరువుకూ ప్రతిష్ఠకూ తలవంచని అవయవం ఇది. శ్రీగంధమంతటి పెద్దమనిషి వస్తే లేచి నిలబడవలసింది పోయి, దురద పెట్టి, ఎర్రబడి, పొక్కులు లేపి నలుగురిలో నగుబాటు చేస్తోంది. అందరి చర్మమూ ఇంతే అనడం అన్యాయం. అలర్జీ తెచ్చే పదార్థాల్లో చందన తైలం మరీ కరుడుగట్టినదేమీ కాదు. ఎక్కువమంది ఒంటికి అది ఏ హానీ చేయదు. కొద్దిమంది చర్మానిదే ఈ తలబిరుసు. కొద్దిమందే కదా అని ఊరుకుంటే మాత్రం ప్రకటనలు రాసేవాళ్ల గతి ఏమిటి?

మొదటి అభియోగం, శుద్ధతను లెక్కచేయకపోవడం. సీసా మీద 'నూటికి నూరు శాతం సహజం' అని బంగారు రంగులో రాసే ఉంటుంది. చేవను పొడిచేసి, గంటల తరబడి ఆవిరి పట్టి దింపిన తైలం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అసలైన శ్రీగంధ తైలంలో దాని ముఖ్య పదార్థాలైన ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలి. ఇంత వంశచరిత్ర ముందు పెట్టినా చర్మం చూసేది అణువును, దాని పరిమాణాన్ని. అణుభారం 500 లోపు ఉన్నవి పైపొరను దాటి లోపలికి జారగలవు. శాంటలాల్‌ది సుమారు 220. అలా లోపలికి వెళ్లిన అణువు మార్పు చెంది అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటే కాపలా కణాలకు అనుమానం మొదలవుతుంది. తైలం ఎంత శుద్ధమైతే శాంటలాల్ అంత నిండుగా ఉంటుంది. కనుక 'శుద్ధమైనది, అందుకే సురక్షితం' అన్న మన వాదన ఈ కోర్టులో నిలవడం లేదు. జీడిగింజ పెంకులోని నూనె కూడా నూటికి నూరు శాతం సహజమే, ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. ఆ సంగతి ఎవరూ ఎత్తకుండా ఉంటే మన పక్షానికి మంచిది.

రెండోది ఆలస్యం. నచ్చనిది ఏదైనా ఉంటే రాసిన రోజే చెప్పాలి. అది మర్యాద. ఈ చర్మం మొదట ఏమీ అనదు. లాంగర్‌హాన్స్ అనే చర్మపు కాపలా కణాలు ఆ కొత్త పదార్థం ఆనవాళ్లను లింఫు గ్రంథులకు చేరవేస్తాయి, అక్కడ టీ కణాలనే రక్షణ కణాలు పాఠం నేర్చుకుంటాయి. పది నుంచి పద్నాలుగు రోజులు పట్టే ఈ తతంగం గురించి పైన ఒక్క మచ్చ కూడా తెలియనివ్వదు. దీన్నే సెన్సిటైజేషన్ అంటారు. కొందరిలో ఇది నెలలు, ఏళ్లు వాడాక గాని జరగదు. ఆ తర్వాత అదే తైలం మళ్లీ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎర్రదనం బయటపడతాయి. అప్పటికి మనం సబ్బును, నీళ్లను, ఎండను, కొత్త చొక్కాను అనుమానించి పంపేసి ఉంటాం. పైగా ఒకసారి నేర్చిన పాఠాన్ని, ఎప్పుడో అన్న మాటను అల్లుడు గుర్తుపెట్టుకున్నట్టు, చర్మం సాధారణంగా జీవితాంతం మరిచిపోదు. 'రాస్తూ ఉండండి, అలవాటు పడుతుంది' అనే సలహా ఇచ్చేవారి ఆశావాదానికి నమస్కరిస్తున్నాను. అక్కడ అలవాటు పడుతున్నది టీ కణాలు.

చందనం తరఫున వాదించేవారిలో ఒక మహత్తర శాఖ ఉంది. దద్దు వస్తే అది అలర్జీ కాదు, ఒంట్లోని విషాలు బయటికి పోతున్నాయి అంటారు వారు. నాకు ఈ సిద్ధాంతమంటే అపారమైన గౌరవం, ఎందుకంటే దానికి ఓటమి లేదు. దద్దు రాకపోతే తైలం పనిచేస్తోంది. వస్తే ఇంకా గట్టిగా పనిచేస్తోంది. ముఖం వాచి కళ్లు మూసుకుపోతే శుద్ధి పరిపూర్ణమవుతోందన్నమాట. ఏ విషం? దాని పేరేమిటి? తైలం రాసిన మేరకే ఎందుకు బయటికి వస్తోంది, మోకాలి దగ్గర ఎందుకు రాదు? ఇవి మొరటువాళ్లు వేసే ప్రశ్నలు. రాయడం ఆపిన వారం పది రోజుల్లో చర్మం నెమ్మదిస్తే, చికిత్సను సగంలో మానేశారని మందలిస్తారు.

ఇక ఇంటి పరీక్ష. మణికట్టు మీద ఒక చుక్క వేసి, ఐదు నిమిషాలు చూసి, 'నాకు పడింది' అని ప్రకటించే వేగం ప్రశంసనీయం. ప్యాచ్ పరీక్షలో చర్మవైద్యుల నత్తనడక చూడండి: రెండు శాతం తైలాన్ని పెట్రోలియం జెల్లీలో కలిపి వీపు మీద అంటించి, 48 గంటలు ఉంచి, తీసి చూసి, అది చాలదన్నట్టు మూడో రోజో నాలుగో రోజో మళ్లీ చూస్తారు. కొన్నిసార్లు వారం తర్వాత కూడా. ఇంటి దగ్గరే కాస్త నమ్మకంగా చూసుకోవాలన్నా, వాడబోయే పలచని మిశ్రమాన్నే ముంజేతి లోపలివైపు ఒకే చోట రోజుకు రెండుసార్లు, కనీసం వారం పాటు రాయాలి. అంత ఓపికే ఉంటే తైలాన్ని పలచన చేయకుండా నేరుగా ముఖానికి ఎందుకు పట్టిస్తాం?

చర్మానికి ఒక్క విషయంలో మార్కులు వేయక తప్పదు. చందనం పేరుతో ఏది అమ్మినా మనం కొంటాం, చర్మం మాత్రం పేరును కాక లోపలి సరుకును చూస్తుంది. వెస్టిండీస్ చందనంగా చలామణీ అయ్యే అమైరిస్ చెట్టు అసలు చందనం కులమే కాదు, నిమ్మ నారింజల కుటుంబం. పశ్చిమ ఆస్ట్రేలియా చందనం నిజమైన చందనమే గాని, దాని తైలంలో ఫార్నెసాల్ అనే మరో అలర్జీ కారకం చెప్పుకోదగినంత ఉంటుంది. రెండు సీసాల మీదా ఒకే మాట ఉన్నా లోపల ఉన్నవి వేరు.

నిగారింపు కోసం రాసుకునేవారికి జపాన్ అనుభవం చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా చెబుతున్నాను. 1970లలో అక్కడి వైద్యులు ముఖం మీద నల్లటి మచ్చలతో వచ్చిన స్త్రీలను ప్యాచ్ పరీక్ష చేస్తే, అనుమానితుల జాబితాలో తేలిన సుగంధ ద్రవ్యాల్లో చందన తైలం కూడా ఉంది. దురద కూడా పెద్దగా లేకుండానే రంగు ముదిరే అలర్జీ అది. మచ్చలు పోగొడతానని వచ్చినది మచ్చలతో పట్టుబడటం! దీన్ని చర్మం ఆడిన అతి నీచమైన నాటకంగా నమోదు చేయాలి.

ఐరోపా సమాఖ్య కూడా చర్మం పక్షానే చేరింది. అక్కడి శాస్త్రీయ కమిటీ 2012లో చందన తైలాన్ని మనుషుల్లో అలర్జీ కలిగిస్తుందని రుజువైన వాటి సరసన కూర్చోబెట్టింది. 2023లో వచ్చిన నిబంధన ప్రకారం, ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసుకునే వాటిలో 0.01 శాతం దాటితే దాని పేరు లేబుల్ మీద వేయాలి. నిషేధించారా? లేదు. వాడవద్దన్నారా? అదీ లేదు. పేరు వేయమన్నారు, అంతే. అయినా మన వాళ్లకు అది ఘోర పరాభవంగా తోచింది. గులాబీ, మల్లె, లావెండర్, పుదీనా తైలాలు కూడా అదే పట్టికలో ఉన్నాయని చెప్పినా ఊరట చెందరు. కొత్త ఉత్పత్తులకు గడువు 2026 జూలై 31, అప్పటికే అంగట్లో ఉన్నవాటికి 2028 జూలై 31. పడనివాళ్లు చిన్న అక్షరాల్లో శ్రీగంధం శాస్త్రీయ నామమైన 'శాంటలమ్ ఆల్బమ్' కోసం వెతుక్కుంటారు. పడినవాళ్లకు ఆ వరుస కనిపించను కూడా కనిపించదు.