మహారాజశ్రీ వైడ్ యాంగిల్ జూమ్ లెన్సు గారికి

మహారాజశ్రీ కాంపాక్ట్ వైడ్ యాంగిల్ జూమ్ లెన్సు గారి సముఖమునకు, విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఉక్కపోత, ఉప్పుగాలి సమృద్ధిగా ఉన్నాయి. తమరు అక్కడ అట్టపెట్టెలో, సిలికా జెల్ పొట్లాన్ని పక్కలో పెట్టుకుని సుఖంగా ఉన్నారని తలుస్తాను.

తమర్ని కొనాలని మా ఇంట్లో తీర్మానం అయింది. ఓటు వేసింది నేనొక్కణ్నే కాబట్టి ఏకగ్రీవం. ఇక తేలాల్సింది ఒక్కటే. తమరు చిన్నవారని, తేలికని అందరూ తెగ పొగుడుతున్నారు. ఆ చిన్నతనం ఖర్చు ఎవరి ఖాతాలో రాశారో చెప్తే, నా కార్డు బయటికి తీస్తాను.

తమరి పెద్దల కాలంలో, అంటే కెమెరాలో అద్దం టపటపా ఎగిరిపడే రోజుల్లో, లావుగా ఉండటానికి ఒక సాకు ఉండేది. లెన్సు బిగించే మౌంటుకీ, బొమ్మ పడే సెన్సారుకీ మధ్య ఎడం కానన్ ఈఎఫ్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌లో 46.5. ఆ ఎడంలో అద్దం కాపురం. 16 మిల్లీమీటర్ల లెన్సు (ఈ అంకె ఎంత చిన్నదైతే చూపు అంత వెడల్పు) దానికి తగలకుండా అంత దూరాన బొమ్మ పడేయాలంటే ముందువైపు పెద్ద పెద్ద గాజులు పేర్చక తప్పేది కాదు. ఇప్పుడు అద్దం ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఎడం సోనీలో 18కి, నికాన్ జెడ్‌లో 16కి, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20కి తగ్గింది. వెనక గాజు సెన్సారు దాకా జరిగి కూర్చోవచ్చు. 615 గ్రాముల కానన్ 16-35 ఎఫ్4ని (16 నుంచి 35 దాకా జూమ్, ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ) కిక్కురుమనకుండా మోసిన మెడలు మావి. 2022లో సోనీ అదే 16-35 ఎఫ్4ని పవర్ జూమ్‌తో, అంటే మోటారుతో కదిలే జూమ్‌తో, 353 గ్రాముల్లో తెచ్చేసరికి, ఇన్నాళ్లూ మోసింది దేన్నా అని మెడ తడుముకున్నాం.

కొంత బరువు అద్దంతో పోయింది, ఒప్పుకున్నాను. మిగతాది?

అందులో ఒక వాటా సాఫ్ట్‌వేర్ నెత్తిన పెట్టారు. వైడ్ చివర గీతలు బయటికి వంగితే, వాటిని సరిచేసే గాజు ఇంకొకటి పెట్టే బదులు ఆ చాకిరీ కెమెరాకి అప్పజెప్పారు. రుషికొండలో వ్యూఫైండర్ పెట్టి చూస్తే సముద్రం తిన్నగా, బుద్ధిగా ఉంటుంది. అదే రా ఫైలుని, అంటే కెమెరా దిద్దని అసలు ఫైలుని, తమరి ప్రొఫైల్ (వంపులు దిద్దే లెక్క) తెలియని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, ఫ్రేము అడుగున పెట్టిన ఆ సముద్రమే బొజ్జ పెంచుకుని కూర్చుంటుంది. సరిచేయడం అంటే మూలల్ని పట్టుకు లాగడమే. లాగిన చోట వివరం పలచబడుతుంది. మూలల్లో చీకటి ఉంటే దాన్ని కూడా సాఫ్ట్‌వేరే వెలిగిస్తుంది, వెలుగుతోపాటు నాయిస్ (చుక్కచుక్కల గరుకు) కూడా వస్తుంది. ఇది మోసం అనను. చివరికి చేతికొచ్చే ఫొటో బాగుంటే, పని గాజు చేసిందా చిప్ చేసిందా అని పట్టుబట్టేవాళ్లు ఫొటోలు తక్కువ తీస్తారని నా అనుమానం. కాకపోతే తమరి ప్రకటనల్లో ఎప్పుడు చూసినా మధ్యలో ఒక అమ్మాయి, మూలల్లో మబ్బులు. మూలన ఇటుక గోడ ఉన్న ఫొటో ఒక్కటైనా వేయండి, పుణ్యం ఉంటుంది.

రెండో వాటా జూమ్‌లోంచి కోశారు. 2019లో వచ్చిన టామ్రాన్ ఎఫ్2.8 వారు 420 గ్రాములు, కానీ 17 దగ్గర బయల్దేరి 28 దగ్గర బండి ఆపేస్తారు. 2024లో వచ్చిన సోనీ ఎఫ్2.8 వారు 409 గ్రాములు, 16 నుంచి 25 దాకే టికెట్టు. మూడో వాటా వెలుతురులోంచి. కానన్ ఆర్‌ఎఫ్ 15-30 వారి బరువు 390 గ్రాములే, ఎఫ్ నంబరు మాత్రం 4.5 నుంచి 6.3. నికాన్ జెడ్ 14-30 ఎఫ్4 వారు సంచిలో ముడుచుకుని నిద్రపోతారు, తిప్పి లేపితేగానీ డ్యూటీ ఎక్కరు. ఆయనకో మంచి గుణం ఉంది లెండి. 14 దగ్గర మొదలయ్యే జూములు చాలావాటికి ముందు గాజు గుడ్డులా ఉబ్బి మామూలు ఫిల్టరు పట్టదు. ఆయనకి 82 మిల్లీమీటర్ల ఫిల్టరు హాయిగా బిగుస్తుంది.

ఇన్ని కోతల తర్వాత కూడా తమరే కావాలా, ఇప్పుడున్న 24తో సరిపెట్టుకోకూడదా అని ఇంట్లోవాళ్ల ప్రశ్న. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఉంది కదా, దాని పొడవు 91 మీటర్ల పైచిలుకు. పక్కనుంచి మొత్తాన్ని ఫ్రేములో పట్టాలంటే, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారు) కెమెరాకి 24 మిల్లీమీటర్ల దగ్గర దాదాపు 61 మీటర్లు వెనక్కి వెళ్లాలి. 16 అయితే 41 చాలు. మిగిలిన ఆ 20 మీటర్లలో ఏముంటాయో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు: ఆటోలు, మురీ మిక్చర్ బండి, దాని చుట్టూ ఒక కుటుంబం, ఆ కుటుంబాన్ని సెల్ఫీలో పట్టడానికి చేయి చాపిన బావగారు. వాళ్లందరినీ జరగమనడం కంటే లెన్సు మార్చడం తేలిక. మిల్లీమీటర్ల విలువ తమరి వైపు చివరే ఎక్కువ. 70కి 74కి తేడా ఎవరికీ కనిపించదు. 20 దగ్గర ఫ్రేము మూల నుంచి మూలకి చూపు 94 డిగ్రీలు, 16 దగ్గర 107. ఆ నాలుగు మిల్లీమీటర్లకే నేను డబ్బు కడుతున్నది, టెలీ (దూరాన్ని దగ్గరికి లాగే) వైపు 35 దాకా వెళ్తారా 28కే అలిసిపోతారా అన్నది నాకు రెండో సంగతి.

అయితే తమరి చూపులో ఒక వింత ఉంది. కైలాసగిరి ఎక్కి దక్షిణంగా చూస్తే తీరం వంపు తిరుగుతూ వెళ్లి డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర ఆగుతుంది. కంటికి ఎంత దర్జాగా కనిపిస్తుందో! తమరి 16లో చూస్తే ఆ కొండ కాస్తా మొటిమ. అదే తమర్ని పట్టుకుని మనిషికి జానెడు దూరానికి వెళ్తే, అతని ముక్కే డాల్ఫిన్ నోస్. నిజానికి అందులో తమరి తప్పు లేదు, అంత దగ్గరికి వెళ్లినవాడిది తప్పు. కానీ ముక్కు గలవాడు లెన్సుని తిట్టడు కదా, ఫొటోగ్రాఫర్‌ని తిడతాడు.

గృహప్రవేశాల్లో మరీ ఇబ్బంది. చిన్న హాలు, బంధువులంతా ఒకే ఫొటోలో రావాలి. 16 దగ్గర అందరూ పట్టారు, చివర నిలబడ్డ అత్తయ్యకి మాత్రం భుజాలు అడ్డంగా సాగాయి. "ఏట్రా, నేనంత లావున్నానేటి?" అని అడిగింది. గోడల గీతలు తిన్నగా రావాలంటే అంచులు సాగక తప్పదత్తయ్యా అని చెప్పి చూశాను. గోడలు తిన్నగా ఉంటే ఎవరికి, నేను తిన్నగా ఉండాలి గానీ అంది. అప్పట్నుంచి మా బంధువుల్లో గ్రూప్ ఫొటో అంటే మధ్య చోటు కోసం కుర్చీలాట. నేను మాత్రం 24కి తగ్గకుండా, వీధిలోకి వెళ్లి తలుపులోంచి తీస్తున్నాను.

తమరంటే ప్రాణం పెట్టే వర్గం ఒకటుంది, ఫ్లాట్లు అమ్మేవాళ్లు. మధురవాడలో ఒక బ్రోకర్ గారు ఫ్లాటు ఫొటోలు తీసి పెట్టమన్నారు. పదికి పది బెడ్‌రూం. మంచం వేశాక బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. స్నేహితుడి 16-35 అడిగి తీసుకుని, మూలకి ఆనుకుని నడుం ఎత్తులో పెట్టి నొక్కితే ఆ గదిలో పంక్తి భోజనాలు పెట్టొచ్చనిపించింది. ఆయన మురిసిపోయారు. "ఇప్పుడు బాల్కనీ బాబూ, సీ వ్యూ అని రాసేసుకున్నాం" అన్నారు. సీ వ్యూ ఉంది, అబద్ధం కాదు. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య, వాటర్ ట్యాంకుకి ఎడం పక్కన, నీలంగా కదులుతోంది. ఫొటో చూసి "సముద్రం ఏదండీ?" అన్నారు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. "గదిని పెంచినట్టే దీన్నీ పెంచండి" అన్నారు. గది పెరగాలంటే వైడ్ కావాలండీ, సముద్రం పెరగాలంటే టెలీ కావాలి, రెండూ ఒకే ఫొటోలో కుదరవని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీ ఆ అపార్ట్‌మెంట్లు తీసెయ్యండి" అన్నారు.

తమరి ఇంటి పేర్ల గందరగోళం ఇంకొకటి. మా మేనల్లుడి ఏపీఎస్-సి (చిన్న సెన్సారు) కెమెరాకి ఎవరో 16-35 అంటగట్టారు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలోకి మార్చడానికి ఒకటిన్నరతో గుణిస్తే 24-52. ఆ వెడల్పు వాడి కెమెరాతో వచ్చిన కిట్ 16-50లో ముందునుంచే ఉంది! ఏపీఎస్-సి వాళ్లకి తమరి శాఖ వేరు: సోనీ పవర్ జూమ్ 10-20 ఎఫ్4, 178 గ్రాములు, సోనీ మౌంటులో సిగ్మా 10-18 ఎఫ్2.8, 260 గ్రాములు. కానన్ ఆర్‌ఎఫ్-ఎస్ 10-18 అయితే 150 గ్రాములే. అసలైన చిన్నవాళ్లు వీళ్లే, పేరు మాత్రం ఫుల్‌ఫ్రేమ్ వారిది.

ఎఫ్2.8కీ ఎఫ్4కీ వెలుతురు రెండింతల తేడా. లంబసింగిలో రాత్రి నక్షత్రాలు తీసేవాడికి, చీకటి మండపంలో కదిలే మనుషుల్ని తీసేవాడికి అది అవసరం. తెన్నేటి పార్కులో ట్రైపాడ్ మీద ఎఫ్8 పెట్టుకుని సూర్యోదయం తీసే నాలాంటివాడికి అది సంచిలో మోసే గౌరవం మాత్రమే.

మా ఊరి గాలి సంగతి కూడా ముందే చెప్పాలి. ఏసీ కారులోంచి బీచ్ దగ్గర దిగగానే తమరి ముందు గాజు తెల్లబడిపోతుంది, ఆ తెలుపు తగ్గేసరికి సూర్యుడు పైకొచ్చేస్తాడు. సాగి ముడుచుకునే గొట్టమైతే ప్రతి జూమ్‌కీ గాలి లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలో ఉన్నది ఉప్పు, తేమ. వర్షాకాలం అల్మరాలో బట్టల మధ్య దాస్తే లోపలి గాజు మీద ఫంగస్ పీచులు పీచులుగా అల్లుకుంటుంది, తుడుద్దామన్నా చేయి పోదు.

కాబట్టి నాకు కావాల్సినవారు ఫుల్‌ఫ్రేమ్‌కి 16 దగ్గర మొదలవ్వాలి, ఎఫ్4 చాలు, జూమ్ చేస్తే పొడవు మారకూడదు, మామూలు ఫిల్టరు పట్టాలి. ఇంచుమించు ఆ 353 గ్రాముల పవర్ జూమ్ వారే. కెమెరా ఆఫ్‌లో ఉంటే ఎంత తిప్పినా జూమ్ కదలని ఆయన మొండితనాన్ని నేను భరిస్తాను. ఈ వారంలో డ్రై క్యాబినెట్ (తేమ చేరని అల్మరా) కొంటున్నాను, తమరి గది సిద్ధం.

ఇట్లు,
బేరానికి సిద్ధంగా ఉన్న
తమరి కాబోయే యజమాని

తా.క.: బరువు చెప్పేటప్పుడు హుడ్డు (ముందు గాజుకి ఎండ తగలకుండా పెట్టే గొడుగు), రెండు మూతలు, ఫిల్టరు కలిపి చెప్పవలెను. హుడ్డు విడిగా అమ్మే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చెప్పండి, కౌంటరు దగ్గర కాదు.