ఆ రాముడి బిళ్ళను కంపెనీ వేయలేదు, నాసా కొనదు

నేను నాణేలు సేకరిస్తానని తెలిసిన ప్రతివాళ్ళూ నాకు ఒకటే మెసేజ్ పంపుతున్నారు. స్కూలు గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, నిన్న మా పెదనాన్న గారు కూడా పంపి "ఇది నిజమేనట్రా?" అని అడిగారు. విడివిడిగా జవాబులు రాసే ఓపిక అయిపోయింది. అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది ఇది. 1818లో ఈస్ట్ ఇండియా కంపెనీ శ్రీరామ పట్టాభిషేకం బొమ్మతో అణా నాణెం వేసింది, ఆ చరిత్రను మన నుంచి దాచేశారు. హనుమంతుడు, ఓంకారం ఉన్న 1616, 1717 నాటి నాణేలూ ఉన్నాయి. పిడుగు సోకిన నాణెం బియ్యాన్ని లాగుతుంది, దాన్ని నాసా కోట్లకు కొంటుంది. జార్జి చక్రవర్తి దర్బారు నాణెం లక్షలు పలుకుతుంది. వైష్ణోదేవి నాణానికి పది లక్షలు. ఏది ఉన్నా ఫోటో పంపి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, "నాణేల సంఘం" వాళ్ళు ఇంటికొచ్చి కొంటారు. నమ్మకం కలగడానికి చివర్లో ఏదో సంఘం రజతోత్సవ పతకం ఫోటో.

ముందు తేదీలు చూద్దాం. 1616లో కంపెనీకి మన దేశంలో సొంత టంకశాల లేదు. 1611లో మచిలీపట్నంలో పెట్టిన వర్తక స్థావరం ఉంది, అక్కడ చేసింది బట్టల వ్యాపారం. మద్రాసు నేల చేతికొచ్చిందే 1639లో. ఇక ఆ బిళ్ళల మీద "యూకేఎల్" అని ఉంటుంది. 1717 తేదీ వేసిన బిళ్ళ మీదా అదే. బ్రిటన్, ఐర్లండ్ కలిసి యునైటెడ్ కింగ్‌డమ్, అంటే యూకే, అయింది 1801లో. ఈ బిళ్ళలు చేసినవాళ్ళకు ఆ సంగతి తెలియకపోవచ్చు, ఫార్వర్డ్ చేసే ఇంజినీర్లకు, లెక్చరర్లకు ఏమైంది?

"ఒక అణా" అనేది ఇంకో తప్పు. 1835 చట్టంతో కంపెనీ దేశమంతటికీ ఒకే రకం నాణేలు తెచ్చినప్పుడు రాగిలో అర్ధణా, పావు అణా, అణాలో పన్నెండో వంతు వేసింది. అణా బిళ్ళ వచ్చింది కంపెనీ పోయిన అర్ధ శతాబ్దం తర్వాత, 1907లో, ఎడ్వర్డ్ రాజు బొమ్మతో, రాగి-నికెల్ మిశ్రమంలో. మరి 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఏం జరిగింది? ఆ ఏడాది జనవరిలో వరహాను పక్కనపెట్టి వెండి రూపాయిని ప్రామాణికం చేశారు. ఆ కాలపు ఆర్కాటు రూపాయి మీద పారశీక అక్షరాల్లో ఉన్నది 1759లోనే చనిపోయిన రెండో ఆలంగీర్ పాదుషా పేరు. జనం నమ్మే పేరునే కొనసాగించి లాభం చూసుకోవడం కంపెనీ పద్ధతి.

ఇక్కడ మెసేజ్ రాసినవాడికి తెలియని నిజం ఒకటి చెప్పాలి. కంపెనీ మన దేవుళ్ళను నాణేల మీద వేసింది. అనుమానం లేదు. మద్రాసులో వేసిన "మూడు స్వాముల వరహా" మీద ఇద్దరు దేవేరులతో వేంకటేశ్వరస్వామి నిలబడి ఉంటాడు. 1808 ప్రాంతపు వెండి అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు చుట్టూ చుక్కలతో గుడి గోపురం, రెండోవైపు విష్ణువు, అంచున ఇంగ్లీషు, పారశీకం, తమిళంతో పాటు తెలుగు. మన లిపి ఉన్న కంపెనీ నాణెం! వాటిని చూసిన మొదటిసారి నాకు ఒళ్ళు పులకరించింది. అంతకంటే ముందు, 1604-05 ప్రాంతంలో అక్బరు సీతారాముల బొమ్మతో, నాగరి అక్షరాలతో నాణెం వేయించాడు. ఎవరూ దాచలేదు, కేటలాగుల్లో ఉన్నాయి. అసలు చరిత్ర ఇంత బాగుంటే, సంతలో దొరికే ఇత్తడి బిళ్ళకు దొంగ తేదీ ఎందుకు?

పట్టాభిషేకం బిళ్ళలు కూడా దానికవే మోసం కావు. వాటిని రామటంకాలంటారు. పుణ్యక్షేత్రాల్లో భక్తులు కొనుక్కుని పూజలో పెట్టుకోవడానికి చేసినవి. పాతవి వెండిలో, బంగారంలో కూడా ఉన్నాయి. రామదాసు బాకీ తీర్చడానికి రామలక్ష్మణులు తానీషాకు ఆరు లక్షల రామమాడలు చెల్లించారన్న కథ తెలియని తెలుగువాడు లేడు. మీ అమ్మమ్మ పెట్టెలో అలాంటి బిళ్ళ ఉంటే కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టండి. దాని మీద "ఈస్ట్ ఇండియా కంపెనీ 1818" అని చెక్కినవాడి మీదే నాకు కోపం. భక్తికి చేసిన వస్తువును వాడు ఎరగా మార్చాడు.

ఎర ఎందుకంటున్నానో బియ్యాన్ని లాగే నాణెం సంగతి చదివితే తెలుస్తుంది. మొత్తం మెసేజ్‌లో మనుషుల ఇళ్ళు కూల్చేది ఇదే. పిడుగు పడితే రాగిలోకి ఇరిడియం వస్తుందట. ఇరిడియం వేరే మూలకం. రాగి పరమాణు సంఖ్య 29, ఇరిడియానిది 77. పిడుగు వేడికి రాగి కరగొచ్చు, ఆవిరి కావొచ్చు, ఇరిడియం మాత్రం కాదు. పోనీ నిజంగా ఇరిడియమే ఉందనుకోండి, అది కూడా బియ్యాన్ని లాగదు. వీడియోల్లో గింజలు పరుగెత్తి బిళ్ళకు అంటుకోవడానికి కావలసింది రెండే: బియ్యానికి పట్టించిన ఇనుప రజను, బిళ్ళలో దాచిన అయస్కాంతం. మీ వంటింటి డబ్బాలోంచి మీరే గుప్పెడు బియ్యం తీసి "దీంతో చూపించు" అనండి. ఆ రోజు ముహూర్తం బాగాలేదంటాడు.

ఆ తర్వాత జరిగేది ఎప్పుడూ ఒకే వరసలో జరుగుతుంది. కొనే కంపెనీ సిద్ధంగా ఉంది, శాస్త్రవేత్త వచ్చి పరీక్ష చేయాలి, ఆయన ఖర్చులు మీవి. రేడియేషన్ సూటు కావాలి, దాని డబ్బు మీది. వర్షం పడింది, పరీక్ష వాయిదా, మళ్ళీ కట్టండి. 2018లో ఢిల్లీ పోలీసులు ఒక తండ్రీకొడుకులను పట్టుకున్నారు. ఆ ఇద్దరూ నాసాకు అమ్ముదామని చెప్పి ఒక వ్యాపారి నుంచి 1.43 కోట్లు లాగారు, మెరిసే సూట్లు వేసుకుని శాస్త్రవేత్తల్లా నటించారు. హైదరాబాదులో, మన జిల్లాల్లో కూడా రైస్ పుల్లింగ్ కేసులు పోలీసులకు కొత్త కాదు. పొలం అమ్మి కట్టినవాళ్ళున్నారు. పరువు పోతుందని ఫిర్యాదు చేయనివాళ్ళు ఎందరో. "నాకేం పోయింది, ఊరికే ఫార్వర్డ్ చేశా" అనేవాళ్ళారా, పోయేది మీది కాదు, మీ మాట నమ్మినవాడిది!

దర్బారు "నాణెం" నాణెం కాదు. 1911లో జార్జి-మేరీల పట్టాభిషేక దర్బారుకు ఇచ్చిన పతకం. పైన రిబ్బను కట్టే రింగు ఉంది, చూడండి. వేల మందికి ఇచ్చారు. వెండివి సేకర్తల దగ్గర మామూలుగానే కనిపిస్తాయి.

వైష్ణోదేవి నాణెం ఆలయ బోర్డు రజతోత్సవానికి 2012లో తెచ్చిన 5, 10 రూపాయల స్మారక నాణెం. ఐదు రూపాయలది ఐదు రూపాయలు, పది రూపాయలది పది. అయిపోయింది.

ఆ రజతోత్సవ పతకం ఫోటో నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాణేల సంఘాలు పతకాలు వేయించడం పాత సంప్రదాయం. లండన్‌లోని రాయల్ న్యూమిస్మాటిక్ సొసైటీ 1883 నుంచి ఇస్తోంది. 1910లో అలహాబాదులో పుట్టిన న్యూమిస్మాటిక్ సొసైటీ ఆఫ్ ఇండియా కూడా పరిశోధకులకు పతకాలిచ్చి గౌరవిస్తుంది. చిన్న సంఘాలు ప్రదర్శన జరిగినప్పుడో, పాతికేళ్ళు నిండినప్పుడో కొద్ది సంఖ్యలో జ్ఞాపికలు చేయించుకుంటాయి. వాటి మీద రూపాయల విలువ ఉండదు, ప్రభుత్వ ముద్ర ఉండదు. ఒక కుర్రాడు శాతవాహనుల సీసపు నాణేలను వరసగా పేర్చి, చీటీలు రాసి ప్రదర్శిస్తే, ఆ కష్టాన్ని గుర్తించి చేతిలో పెట్టేది ఆ పతకం. దాన్ని ఫోటో తీసి దొంగ మెసేజ్‌కు సీలు ముద్రలా వాడుకోవడం ఆ సంఘానికి చేసిన అవమానం. సంఘాలు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుని ఇంటికొచ్చి నాణేలు కొనవు. నెలకోసారి కూర్చుని ఒకరి నాణేలు ఒకరు చూసుకుంటారు, వాదించుకుంటారు, టీ తాగుతారు. మీ నాణెం తీసుకెళ్ళండి, డబ్బు అడగకుండానే చూసి చెప్తారు.

పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు చెప్పి ఫీజులు, పన్నులు వసూలు చేసేవాళ్ళను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. అలాంటి లావాదేవీలు తాము చేయమనీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ అందులో ఉంది. పొలం దున్నుతుంటే నాణేలు దొరికితే 1878 నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి, వాట్సాప్ నంబరుకు ఫోటో పంపకూడదు. అసలైనవి చూడాలనుంటే హైదరాబాదు సైఫాబాద్ పాత మింటులో 2022లో తెరిచిన మ్యూజియం ఉంది, పిల్లలను తీసుకెళ్ళండి. ఇప్పటికే ఎవరైనా ఫీజు కట్టి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.