ముక్కు కడుక్కోండి, కానీ కుళాయి నీళ్ళతో వద్దు

అనంతపురంలో పొద్దున్నే తుమ్ములు వినపడని ఇల్లు ఒక్కటి చూపించండి. ఆషాఢం గాలి మొదలైందంటే కిటికీలు వేసినా గూట్లో దుమ్ము పేరుకుంటుంది. నాలుగు వానలు పడితే ఖాళీ స్థలాల నిండా వయ్యారిభామ పూత. చెరువుకట్టల మీద, రోడ్ల వెంబడి కంపచెట్లు. ఆ రెండింటి పుప్పొడీ చాలామందికి పడదు. శెనక్కాయ కాలమొస్తే ఆ కట్టె దుమ్ము ఊరంతా తిరుగుతుంది. తాడిపత్రి వైపయితే బండల పాలిష్ పొడి అదనం. ఇన్నిటికీ మనవాళ్ళు చేసేది ఒక్కటే, రాత్రికో సిట్రిజిన్ మాత్ర, జేబులో ఒక ముక్కు చుక్కల సీసా.

నా కోపం ఆ సీసా మీదే. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అని ఉంటుంది దాని మీద. ముక్కు లోపలి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి రెండు నిమిషాల్లో గాలి ఆడుతుంది, ప్రాణం లేచొస్తుంది. కానీ మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే ఆ మందే తిరగబడుతుంది. ప్రభావం దిగిపోగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుపోతుంది, మళ్ళీ చుక్కలు వేయాల్సి వస్తుంది. దిండు కింద సీసా లేకపోతే నిద్ర పట్టనివాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. అమ్మేవాళ్ళు ఈ ఒక్క మాట చెప్పరు. అడిగితే ఇంకో సీసా ఇస్తారు.

నేను ఏళ్ళ తరబడి చేస్తున్నది ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. యోగాలో జలనేతి అంటారు, ఈఎన్‌టి డాక్టర్లు సెలైన్ వాష్ అంటారు. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకుంటూ కొమ్మున్న చిన్న పాత్రతో పై ముక్కుపుటంలోకి నీళ్ళు వదలాలి. కింది పుటంలోంచి కారిపోతాయి. దుమ్ములో తిరిగొచ్చిన రోజు ఆ నీళ్ళలో ఏమేం బయటికొస్తుందో ఒక్కసారి చూస్తే చాలు, ఎందుకు చేయాలని ఎవరూ అడగరు. బూడిదరంగు చీమిడి, దాంట్లో నల్లటి నలుసులు. అవన్నీ లోపల తిష్ట వేసుకుని ఉంటేనే కదా రాత్రంతా తుమ్ములు! పడని పుప్పొడి, దుమ్ము ముక్కు పొరకు అంటుకుని ఉన్నంతసేపూ ఒంట్లో తుమ్ములు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం ఊరుతూనే ఉంటుంది. మాత్ర ఆ హిస్టమిన్ పనిని అడ్డుకుంటుందే తప్ప దుమ్మును తీసేయదు. నీళ్ళు తీసేస్తాయి.

"ఏమప్పా, ముక్కులోకి నీళ్ళు పోసుకుంటాండావు, నెత్తికెక్కదా?" అని మా వీధి పెద్దాయన ఇప్పటికీ అడుగుతాడు. ఉత్తి నీళ్ళయితే నిజంగానే మంటెత్తుతుంది. మన ఒంట్లో ఉన్నంత ఉప్పు ఆ నీళ్ళలోనూ ఉంటే మంట ఉండదు. ఆస్పత్రిలో చేతికి ఎక్కించే సెలైన్ సీసాలో ఉండేదీ అదే, 0.9 శాతం ఉప్పు. లీటరుకు 9 గ్రాములు, అంటే పొడి ఉప్పు సుమారు ఒకటిన్నర టీస్పూన్లు. చిటికెడు వంటసోడా కలిపితే ఇంకా హాయిగా ఉంటుంది. అయోడిన్ కలిపిన ఉప్పు కొందరికి చురచురలాడుతుంది. ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే మెడికల్ షాపుల్లో కొలిచిన సాచెట్లు దొరుకుతాయి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, అంతే.

ఇది అలర్జీని మాన్పదు. 2018లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, ఉప్పునీళ్ళతో కడుక్కున్నవాళ్ళకు బాధ తగ్గే అవకాశం ఉందని చెప్పింది. రుజువులు అంత బలమైనవి కావనీ వాళ్ళే రాశారు. నా అనుభవం మాత్రం గట్టిగానే చెప్తోంది, రాత్రి నోరు మూసుకుని నిద్రపోతున్నాను. డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాసుంటే దాన్ని మానొద్దు. ముందు కడుక్కుని కాసేపాగి స్ప్రే కొట్టుకుంటే మందు చీమిడి మీద కాకుండా పొర మీద పడుతుంది. పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలకు ఇంకో మాట. ఆ రాతిపొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపేది మాస్కే. ముక్కు కడుక్కుంటున్నాం కదా అని దాన్ని తీసి పక్కన పెట్టొద్దు.

అసలు ఈ పోస్టు రాయడానికి కారణం నీళ్ళు. ఫోన్‌లో చూసే జలనేతి వీడియోల్లో చాలావాటిలో పాత్ర ఎలా పట్టుకోవాలో, తల ఎంత వంచాలో వివరంగా చూపిస్తారు. నీళ్ళు ఎక్కడివో చెప్పరు. కుళాయి తిప్పి పట్టేస్తారు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ఇలాగే ముక్కు కడుక్కుని ఇద్దరు చనిపోయారు. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కులోంచి వాసన నరం వెంబడి మెదడుకు పాకింది. కేరళలో మెదడు తినే అమీబా అంటూ మనం వార్తల్లో చూసినదాంట్లో ఇదీ ఒకటి. తాగితే ఏమీ చేయదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. చాలా అరుదుగా వచ్చే జబ్బే, కానీ వచ్చినవాళ్ళలో బతికేది కొద్దిమందే. దానికి వెచ్చటి నీళ్ళంటే ఇష్టం. ఎండాకాలంలో మన మిద్దెల మీద ట్యాంకుల్లో నీళ్ళు ఎంత కాగిపోతాయో నేను చెప్పాలా?

అందుకే నీళ్ళు తెర్లేదాకా కాచి, ఆ తర్వాత ఇంకో మూడు నుంచి ఐదు నిమిషాలు మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి వాడండి. ఒక రోజు దాటితే పారబోయండి. ఇంట్లో ఫిల్టరు ఉంది కదా అనొద్దు, తాగడానికి పనికొచ్చినంత మాత్రాన ముక్కుకు పనికిరావు. పాత్రను కూడా కాచిన నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఒకరి పాత్ర ఇంకొకరు వాడొద్దు. చెవిపోటు ఉన్నా, ముక్కులోంచి రక్తం వస్తున్నా, ముక్కు పూర్తిగా మూసుకుపోయినా, ఈ మధ్యే ఆపరేషన్ అయినా డాక్టర్ని అడగకుండా చేయొద్దు. చిన్నపిల్లల విషయంలోనూ అంతే.

ఎండాకాలం శిబిరాలు పెట్టి పార్కుల్లో జలనేతి చేయించే యోగా మాస్టర్లకు చేతులు జోడించి అడుగుతున్నాను. పక్కనున్న కుళాయి దగ్గరికి పోయి నింపుకు రమ్మనకండి. కాచి చల్లార్చిన నీళ్ళ క్యాన్ మీరే తెచ్చిపెట్టండి, లేదా ఎవరి నీళ్ళు వాళ్ళు ఇంట్లో కాచి తెచ్చుకోమని ముందురోజే వాట్సాప్ గ్రూపులో పెట్టండి.